పుట్టుకతోనే అరిగిన అక్షరాలు

నిరుడు మాఘంలో మా నాన్నగారికి సహస్ర చంద్ర దర్శనం జరిపించాము. వేయి పున్నములు చూసిన మనిషికి శాలువా కప్పి, నాలుగు ఫొటోలు తీసి, భోజనాలు పెట్టి ఊరుకుంటే సరిపోదనీ, గుర్తుగా ఒక చిన్న పుస్తకం వేద్దామనీ మా అక్కయ్య అన్నది. ఆ మాట న్యాయంగానే తోచింది. నాన్నగారు తెనాలిలో 1964 నుంచి 1997 దాకా అచ్చు కార్యాలయం నడిపారు. ఒక ట్రెడిల్ మిషను, గోడ పొడవునా టైపు కేసులు, ఇద్దరు కంపోజిటర్లు, కాగితం కోసే కత్తి మిషను. అంతే ఆ ప్రెస్సు. శుభలేఖలు, కరపత్రాలు, రసీదు పుస్తకాలు, రెండేళ్ళకో మూడేళ్ళకో ఎవరో పంతులుగారు రాసుకున్న శతకం. ఊళ్ళో ఎందరి పేర్లో అచ్చొత్తిన ఆ మనిషి పేరు మీద మాత్రం ఒక్క అచ్చు కాగితం లేదు. ఆ లోటు తీర్చాలని మా ఉద్దేశం.

పుస్తకం తయారుచేసే బాధ్యత అక్కయ్య కొడుకు తీసుకున్నాడు. వాడు బెంగుళూరులో పుస్తకాలకు అట్టలు, కంపెనీలకు గుర్తులు రూపొందించే పనిలో ఉన్నాడు. నలభై ఎనిమిది పేజీలు, లోపల తెలుగు, అట్ట మీద తెలుగుతోపాటు ఇంగ్లీషు పేరు కూడా ఉండాలన్నాడు. తెలుగు చదవడం రాని మనవలూ మనవరాళ్ళూ ఇప్పుడు ప్రతి ఇంటిలోనూ ఉన్నారు గనుక నేను కాదనలేదు. పదిహేను రోజుల తరువాత అట్ట నమూనా పంపాడు. గోధుమరంగు కాగితం మీద నల్లని అక్షరాలతో 'ఎ లైఫ్ ఇన్ లెటర్స్' అని ఉంది.

నాకు చూడగానే నచ్చింది. అవి మామూలు ఇంగ్లీషు అక్షరాలు కావు. గీతల చివర చిన్న పాదాలుండే అక్షరాలను సెరిఫ్ అంటారని మీకు తెలిసిందే. ఇక్కడ ఆ పాదాలు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. నిలువు గీతలు సరిగా నిలువుగా లేవు, ముసలివాడి చేతికర్రలా కొంచెం వణికాయి. అంచులను చీమలు కొరికినట్టుంది. తడి కాగితం మీద, సిరా ఎక్కువతక్కువలుగా పూసి, ఎన్నో ఏళ్ళు నలిగిన టైపుతో ఒత్తినట్టు కనబడుతున్నాయి. రెండు వందల ఏళ్ళ కిందటి ఏ ఓడరేవు ఊళ్ళోనో అచ్చయిన కరపత్రం నా చేతిలో ఉన్నట్టు అనిపించింది. 'భేష్' అని వాడికి రాశాను. పెద్ద కాగితం మీద అచ్చు తీయించి, మరునాడే తెనాలి తీసుకువెళ్ళి నాన్నగారికి చూపించాను.

ఆయన భూతద్దం తెప్పించుకున్నారు. కిటికీ దగ్గరకు జరిగి, కాగితాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని చూశారు. (కాగితం మీద అక్షరం ఎంత లోతుగా దిగిందో చూడడానికి ప్రెస్సులో అలా పట్టుకునేవారు. ఇప్పటి అచ్చులో ఏదీ దిగదు. అలవాటు మాత్రం పోలేదు.)

"ఈ టైపు ఎక్కడిదిరా?" అన్నారు.

"కంప్యూటరులోది నాన్నగారూ."

"తూకానికి వేయాల్సిన టైపు. దీనితో అట్ట వేస్తారా ఎవరైనా?"

మేనల్లుడికి ఫోను కలిపి ఆయన చేతికిచ్చాను. "తాతయ్యా, అది కావాలనే అలా ఉంటుంది. పాతకాలం నాటిదని తెలియడానికి" అని వాడు నచ్చజెప్పబోయాడు. నాన్నగారు విన్నారు. విని, మళ్ళీ కాగితం కేసి చూసి, మెల్లగా అడిగారు.

"ఇందులో మూడు 'ఇ'లు ఉన్నాయి కదరా. మూడింటికీ ఒకేచోట కొరికినట్టుంది. అరిగితే మూడూ ఒకేలా ఎట్లా అరుగుతాయి?"

మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు.

* * *

ఆ రాత్రి ఆ టైపు పుట్టుపూర్వోత్తరాలు వెతుకుతూ కూర్చున్నాను. దాని పేరు కాస్లాన్ యాంటీక్. పేరు చూస్తే కాస్లాన్ వంశంలో పుట్టిన పెద్ద మనిషి అనుకుంటాము. కానే కాదట.

అసలు కాస్లాన్ సంగతి వేరు. విలియం కాస్లాన్ 1692లో ఇంగ్లండులో పుట్టాడు. మొదట తుపాకుల మీద నగిషీలు చెక్కే పనివాడు. ఆ చేతితోనే అక్షరాల అచ్చులు చెక్కడం మొదలుపెట్టి, 1734లో తన టైపుల నమూనా పత్రం వెలువరించాడు. 1766లో పోయేనాటికి ఇంగ్లండులోనే గాక సముద్రానికి ఆవల అమెరికా వలసలలో కూడా ఆయన టైపు లేని మంచి అచ్చు కార్యాలయం అరుదు. 1776 జూలై 4 రాత్రి ఫిలడెల్ఫియాలో జాన్ డన్‌లప్ అనే ముద్రాపకుడు అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను మొట్టమొదటిసారి అచ్చు వేసినప్పుడు వాడింది కాస్లాన్ టైపే. ఇంగ్లండుతో తెగతెంపులు చేసుకున్న పత్రం ఇంగ్లండు అక్షరాలలోనే అచ్చయింది. ఆ తరువాత బెర్నార్డ్ షా తన పుస్తకాలకు కాస్లాన్ తప్ప మరొకటి వద్దని పట్టుబట్టాడు. మంచి అన్నంలాంటి టైపు అది. రుచి ప్రత్యేకంగా తెలియదు, రోజూ తిన్నా విసుగు పుట్టదు.

వలస రోజుల అమెరికా ముద్రాపకులకు టైపు ఖరీదైన వస్తువు. ఓడల మీద రావాలి. అందుకని ఉన్నదాన్నే మళ్ళీ మళ్ళీ వాడేవారు. సీసం, తగరం, ఆంటిమొనీ కలిపి పోసిన అక్షరం వేల ఒత్తుళ్ళకు మొద్దుబారుతుంది. అంచులు ఊడుతాయి. ఆనాటి కరపత్రాలు, పంచాంగాలు, వార్తాపత్రికలు చాలావరకు అలా నలిగిన టైపుతో, చేత్తో చేసిన గరుకు కాగితం మీద అచ్చయినవే. అందులో ఎవరూ అందం చూడలేదు. కొత్త టైపు కొనగలిగిన నాడు కొన్నారు, కొనలేని నాడు సర్దుకున్నారు.

ఇప్పుడు నూరేళ్ళు ముందుకు రండి. పంతొమ్మిదవ శతాబ్దపు చివరి దశకం, షికాగో నగరం. బార్న్‌హార్ట్ బ్రదర్స్ అండ్ స్పిండ్లర్ అనే టైపు ఫౌండ్రీ కోసం బెర్న్ నడాల్ అనే ఆయన ఒక కొత్త టైపు గీశాడు. నలిగిన టైపు కాగితం మీద వేసే ముద్ర ఎలా ఉంటుందో, అలా అక్షరాలనే గీశాడు. వంకరలు, గంట్లు, వణుకు అన్నీ ఆ గీతలోనే ఉన్నాయి. ఆ గీతను బట్టి మాతృక తయారైంది, మాతృకలో సీసం పోశారు. అంటే ఆ ఫౌండ్రీ నుంచి తళతళలాడుతూ బయటకు వచ్చిన ప్రతి కొత్త అక్షరమూ పుట్టుకతోనే అరిగి ఉంది. ప్రతి 'ఇ'కీ ఒకటే గంటు. నాన్నగారు భూతద్దంతో పట్టుకున్నది సరిగ్గా దాన్నే.

దానికి మొదట పెట్టిన పేరు 'ఫిఫ్టీన్త్ సెంచరీ', పదిహేనవ శతాబ్దం! ఆ పేరుతో అది పెద్దగా అమ్ముడుపోలేదట. కొన్నేళ్ళకు అదే ఫౌండ్రీ దానికి కాస్లాన్ యాంటీక్ అని మళ్ళీ బారసాల చేసింది. కాస్లాన్‌కు గిరాకీ ఉంది గనుక ఆ పేరు పక్కన చేరితే ఇదీ నడుస్తుందని లెక్క. నడిచింది కూడా. ఒక అక్షరం కూడా మారకుండా ఆ టైపు పదిహేనవ శతాబ్దం నుంచి పద్దెనిమిదవ శతాబ్దానికి ఇల్లు మారింది. నిజానికి అది పుట్టింది పంతొమ్మిదో శతాబ్దంలో.

ఇది చదువుతూ మొదట నవ్వుకున్నాను. తరువాత ఒక సంగతి తోచి నవ్వు ఆగింది. ఆ దశకంలోనే ఆ టైపు ఎందుకు పుట్టినట్టు?

1886లో న్యూయార్క్ ట్రిబ్యూన్ పత్రిక కార్యాలయంలో లైనోటైపు యంత్రం పనిలోకి దిగింది. మీట నొక్కితే వరుసకు వరుస అప్పటికప్పుడు సీసంలో పోతపోస్తుంది. అచ్చు పని కాగానే కరిగించి మరునాటికి మళ్ళీ కొత్తది పోసుకోవచ్చు. అంటే రోజూ కొత్త టైపు! అరగడానికి అక్షరానికి వ్యవధే లేదు. చేత్తో కూర్చే టైపుకు బేరాలు తగ్గి, 1892లో ఇరవై మూడు ఫౌండ్రీలు కలిసి ఒకే కంపెనీగా ఏర్పడ్డాయి. ఇంకోపక్క ఇంగ్లండులో విలియం మోరిస్ 1891లో కెల్మ్‌స్కాట్ ముద్రణాలయం పెట్టి, 1470 నాటి వెనిస్ నగరపు టైపుల పోలికలో అక్షరాలు చెక్కించి, యంత్రాల మీద అలిగినట్టు పుస్తకాలు వేయసాగాడు. పాతదనం మీద అందరికీ మోజు పుట్టిన కాలం అది.

నిజమైన అరుగుదల అచ్చు కార్యాలయాల నుంచి సెలవు తీసుకుంటున్న సమయానికే దొంగ అరుగుదల ఫౌండ్రీలో తయారై పౌన్ల లెక్కన అమ్మకానికి వచ్చింది. కాలక్రమం ఇంత చక్కగా కుదరడం ఊరికే జరిగిందని నేననుకోను. ఇంట్లో కుంపటి ఉన్నన్నాళ్ళు ఎవరూ కుంపటి బొమ్మను షోకేసులో పెట్టరు కదా.

* * *

ఆ టైపుకు అన్యాయం చేయకూడదు. దానికి తగిన చోట్లున్నాయి. 1985లో లండన్‌లో ఇంగ్లీషులో మొదలైన 'లే మిజరబుల్' సంగీత నాటకం పేరు కనబడే అక్షరాలు ఇవే. పంతొమ్మిదో శతాబ్దపు పారిస్ వీధులు, ఆకలి, తిరుగుబాటు, చినిగిన జెండా. ఆ బొమ్మ కింద నున్నని అక్షరాలు పెడితే అతకవు. నాటకం తాను నాటకమని ముందే చెప్పి తెర తీస్తుంది. గడ్డం అతికించుకున్న నటుణ్ణి చూసి మోసపోయామని ఎవరూ అనరు. అలాగే పాత కోటల దగ్గర బోర్డులు, ఓడదొంగల ఆటలు, దయ్యాల కథల అట్టలు. రెండు మూడు మాటలు, పెద్ద సైజు, చుట్టూ కావలసినంత ఖాళీ. అంతవరకు ఆ వణుకు ముచ్చటగానే ఉంటుంది.

పేరాలు పేరాలుగా పెడితే మాత్రం కుదరదు. నేను ప్రయత్నించి చూశాను. ఒక పేజీ ఇంగ్లీషు మ్యాటరును ఆ టైపులో, మామూలు పుస్తకం సైజులో పెట్టి అచ్చు తీశాను. పది వరుసలు దాటేసరికి కంటికి నలక పడ్డట్టయింది. నిజంగా నలిగిన టైపుతో వేసిన పాత పుస్తకాలు నా దగ్గర నాలుగైదున్నాయి. వాటితో పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలిసింది. పాత పుస్తకంలో ఒక 'క' తలకట్టు విరిగి ఉంటుంది, పక్క వరుసలో 'క' నిండుగా ఉంటుంది, మరో 'క' పాతబడి లావెక్కి ఉంటుంది. ఒక్కొక్క అక్షరానికి దాని బతుకు దానిది. అది ఎన్ని ఫారాలలో కూర్చుందో, ఎన్నిసార్లు కంపోజిటరు చేతిలోంచి జారి గచ్చు మీద పడిందో, ఆ లెక్క దానిది. కాస్లాన్ యాంటీక్‌లో అన్ని 'ఇ'లకూ కలిపి ఒకే బతుకు. తిరునాళ్ళలో ఒకే ముసలివాడి మాస్కు నూరుమంది పిల్లలు పెట్టుకుని తిరిగినట్టుంటుంది.

ఇంతకూ ఆ అరుగుదలను దాచడమే నాన్నగారి జీవితమంతా చేసిన పని. అది నాకు తెలుసు. చిన్నప్పుడు పక్కన నిలబడి చూశాను కూడా. ట్రెడిల్ మిషను మీదకు ఫారం ఎక్కించి మొదటి కాగితం తీయగానే వెలుతురులో పెట్టి చూసేవారు. పాతబడిన అక్షరాలు కొత్తవాటికంటే వెంట్రుకవాసి పొట్టివైపోతాయి. అవి కాగితాన్ని సరిగా తాకక తేలిపోతాయి. అలా తేలిన ప్రతి అక్షరానికీ, మిషను పలక మీద కాగితం వెనక ఆ అక్షరం పడే చోట వెతికి, మైదాపిండి జిగురుతో పలచని కాగితం ముక్క అతికించేవారు. గోరంత ముక్క. ఇంకా తేలితే ఇంకో ముక్క. ఒక శుభలేఖకు ఇరవై ముప్ఫై ముక్కలు పడేవి. గంటన్నర పట్టేది. శుభలేఖ తీసుకువెళ్ళే మనిషికి ఆ ముక్కల సంగతి తెలియదు. తెలియకపోవడమే ఆ పని నెరవేరిందనడానికి గుర్తు. మరీ విరిగినవి ఏరి డబ్బాలో వేసేవారు. డబ్బా నిండాక తూకానికిచ్చి, పైన డబ్బు వేసి కొత్త టైపు తెచ్చుకోవాలి. ఆ 'పైన డబ్బు' దగ్గరే ప్రతి ఏడూ తంటా.

ఇంత తెలిసిన నేను ఆ అట్ట చూసి 'భేష్' ఎలా అనగలిగాను?

ఈ ప్రశ్న నన్ను నా పాత టపాల దగ్గరకు తీసుకుపోయింది. కంప్యూటర్లలో తెలుగు అక్షరాలకు బదులు డబ్బాలు కనబడే రోజుల నుంచీ రాస్తున్నాను. మిత్రులు చదివి మెచ్చుకున్నవాటిలో మా ప్రెస్సు మీద రాసిన టపా ఒకటి. అందులో 'సీసపు పరిమళం' అన్నాను. 'ట్రెడిల్ లయ' అన్నాను. 'మా మండువా లోగిలి' అని కూడా రాశాను. మాకు మండువా లోగిలి ఎన్నడూ లేదు. ప్రెస్సు వెనక రెండు గదులు, రేకుల వంటిల్లు. మండువా మా మేనత్తగారింట్లో ఉండేది. ఆ మాట రాస్తుండగా చేతికి తగిలింది, బాగుందని ఉంచేశాను. నలుగురూ 'మా ఇల్లు గుర్తుకొచ్చింది' అన్నారు. వాళ్ళలో ఎందరికి మండువాలుండేవో నాకు తెలియదు.

అదీ నా కాస్లాన్ యాంటీక్. ఎవరిదో అరుగుదల తెచ్చుకుని, నా వాక్యాలన్నిటికీ ఒకేచోట గంటు పెట్టుకున్నాను. పాతకాలం మీద మనం రాసుకునే రాతల్లో పెరట్లో నుయ్యి, అమ్మమ్మ చేతి ముద్ద, సంధ్యవేళ దేవళం గంట ఇంచుమించు ఒకే వంకరతో వస్తుంటే, నాన్నగారిలాంటి పాఠకుడెవరైనా భూతద్దం పట్టుకుని 'అరిగితే అందరివీ ఒకేలా ఎట్లా అరుగుతాయి?' అని అడిగితే ఏమని చెప్పాలి? ఎవరినీ దెప్పడానికి అనడం లేదు. ముందు నన్నే అంటున్నాను.

* * *

మరునాడు పొద్దున కాఫీ తాగుతుండగా నాన్నగారు లోపలికి వెళ్ళి ఒక పాత పొడుం డబ్బా తెచ్చి నా ముందు పెట్టారు. మేనల్లుడు కూడా రాత్రి బస్సెక్కి వచ్చేశాడు. డబ్బా మూత తీస్తే కాగితంలో చుట్టిన ఒకే ఒక అక్షరం ఉంది. పెద్ద సైజు 'శ్రీ'. ముఖం నల్లగా, నున్నగా అరిగిపోయి ఉంది. పైన గుడి సగం లేదు.

ప్రెస్సులో అందరికంటే ముందు అరిగేది 'శ్రీ'యే. ప్రతి శుభలేఖ నెత్తినా అదే కదా. 'శ్రీరస్తు' లేని శుభలేఖ ఉండదు. అందుకని మిగతా టైపు తెచ్చినా తేకపోయినా ఏడాదికి రెండు కొత్త 'శ్రీ'లు తెప్పించేవారట. ఈ సంగతి నాకు కొత్త. కాని ఈ విరిగినదాన్ని తూకానికి వేయకుండా ఎందుకు దాచారో అర్థం కాలేదు.

నాన్నగారు మేనల్లుడి వైపు తిరిగి చెప్పారు. "మీ అమ్మ పెళ్ళి 1989 వైశాఖంలో. ఆ నెలలో మంచి ముహూర్తాలు. చేతినిండా పని. కొత్త 'శ్రీ'లు రెండూ బయటివాళ్ళ ఫారాల్లో బిగించి ఉన్నాయి. వాటిని విప్పి మన పనికి వాడుకుంటే వాళ్ళ పని ఒక రోజు వెనకబడుతుంది. అడ్వాన్సు తీసుకున్నాను. అందుకని మన శుభలేఖ అన్నిటికంటే ఆఖరున, రాత్రి పూట, దీనితో లాగించాను. ఆరు ముక్కలు అంటించాను వెనకాల. అయినా గుడి పడలేదు. విరిగినదాన్ని ముక్కలేం చేస్తాయి?"

పెళ్ళిలో మగపెళ్ళివారి తరఫు పెద్దాయన ఒకరు పదిమందిలో శుభలేఖ చేతబట్టుకుని, 'అచ్చాఫీసు వారి శుభలేఖలోనే శ్రీ విరిగిందేమండీ' అన్నారట. హాస్యానికే అన్నారు. అందరూ నవ్వారు. నాన్నగారూ నవ్వారు. మర్నాడు ప్రెస్సు తెరవగానే కేసులోంచి ఆ అక్షరం తీసి జేబులో వేసుకున్నారు. 1997లో మిషనూ కేసులూ టైపూ అన్నీ కలిపి తూకానికి అమ్మేసినప్పుడు ఇదొక్కటీ డబ్బాలో మిగిలింది. ముప్ఫై అయిదేళ్ళుగా ఈ మాట ఆయన మాతో అనలేదు. అక్కయ్యతో కూడా అనలేదు.

మేనల్లుడి ముఖం వెలిగిపోయింది. "తాతయ్యా, అట్ట మీద దీన్నే వేద్దాం. సిరా పూసి ఒత్తి, స్కాను చేస్తాను. ఇది నిజమైన అరుగుదల కదా, ఎక్కడా దొరకదు" అన్నాడు. నాకూ అదే తోచింది. రాత్రంతా దొంగ పాతదనాన్ని తిట్టుకున్నవాడిని. ఇక్కడ నిజమైనది ఎదురుగా ఉంది. ఇంతకన్న తగిన ముగింపు ఏముంటుందనుకున్నాను. మనసులో టపా కూడా సగం రాసేసుకున్నాను.

"వద్దురా" అన్నారు నాన్నగారు.

"ఎందుకు తాతయ్యా?"

"అది నా లోటు. గుర్తుండాలని దాచుకున్నాను గాని, చూపించుకోవడానికి కాదు." కాసేపు ఆగి అన్నారు. "మీ అమ్మకు అప్పుడు నిండు 'శ్రీ' వేయలేకపోయాను. ఇప్పుడు మీ చేతిలో ఉందిగా, అరగనిది. అది వేయండి."

ఆ మాట తరువాత మేమిద్దరం ఏమీ మాట్లాడలేదు. అరుగుదల కొనుక్కుంటే రాదని అంతకు ముందు రాత్రే తెలుసుకున్నాను. ఉన్నవాడు కూడా దాన్ని అలంకారంగా పెట్టుకోవడానికి ఇష్టపడకపోవచ్చునని ఆ పొద్దున తెలిసింది. నలిగిన టైపులో మనం చూసే అందం చాలావరకు, ఆ టైపుతో నెట్టుకురావలసిన అవసరం లేనివాళ్ళ అందం. నెట్టుకువచ్చిన మనిషి కోరుకునేది ఒక్కటే. అక్షరం నిండుగా పడాలి.

* * *

పుస్తకం ఆయన చెప్పినట్టే వచ్చింది. అట్ట మీద ఇంగ్లీషుకు కాస్లాన్ టైపే వాడాము, అసలు వంశానిది. విలియం కాస్లాన్ నమూనా పత్రాలను ఆధారం చేసుకుని కారల్ ట్వాంబ్లీ 1990లో కంప్యూటరుకు రూపొందించిన కాస్లాన్. పాతకాలపు పోలికే, గంట్లు లేవు. లోపలి తెలుగుకు పోతన. దేశికాచారిగారి చలవ వల్ల మనలో చాలామందికి తెరమీద తొలిసారి తెలుగు కనబడింది ఆ అక్షరాలలోనే గనుక, అది నా కోరికగా ఒప్పుకున్నారు.

ప్రూఫులు నాన్నగారే చూశారు. మార్జినులో దిద్దుబాటు గుర్తులు ముప్ఫై ఏళ్ళ కిందటిలాగే వేశారు. మేనల్లుడికి వాటిలో సగం అర్థం కాక, ఒక్కొక్కటే అడిగి నేర్చుకున్నాడు. నాలుగో పేజీలో 'మండువా' అని ఒక మాట నేను రాసిన ముందుమాటలో ఉంటే, దాని చుట్టూ సున్నా చుట్టి పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. తీసేశాను. 'రెండు గదులు' అని రాశాను. వాక్యం కొంచెం పొట్టిదైంది.

సహస్ర చంద్ర దర్శనం నాడు మొదటి ప్రతి అక్కయ్య చేతికిచ్చారు. ఇవ్వబోయే ముందు జేబులోంచి భూతద్దం తీసి, మొదటి పేజీ తెరిచి, పైనున్న 'శ్రీ'ని ఒక్కసారి చూసుకున్నారు. గుడి పూర్తిగా పడింది.